పద్దెనిమిదేళ్ల వాళ్లకు ముందు వార్డు ఇవ్వండి

శాసనసభకు పోటీ చేసే కనీస వయసును 25 నుంచి 18కి తగ్గించాలని 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం సిఫార్సు చేసింది. సుశీల్ కుమార్ మోదీ అధ్యక్షతన పనిచేసిన ఆ సంఘం కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలను ఉదాహరణగా చూపింది. ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. చట్టసభలో కూర్చోవడానికి కావలసిన అనుభవం, పరిణతి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఉంటాయని ఆశించలేమని తేల్చి చెప్పింది. మరుసటి ఏడాది రాజ్యసభలో రాఘవ్ చద్దా కనీసం 21కైనా తగ్గించమని అడిగారు. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా 21 మాటే అన్నారు. చర్చ అక్కడే ఆగింది.

అటువాళ్లూ ఇటువాళ్లూ మాట్లాడిందంతా అసెంబ్లీ గురించీ పార్లమెంటు గురించీ. ఊరి పంచాయతీ సంగతి ఎత్తినవాళ్లు తక్కువ. నా మాట ముందే చెప్పేస్తాను. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు పంచాయతీ వార్డు సభ్యత్వానికి ఈ రోజే సరిపోతారు. సర్పంచ్ పదవినీ ఎమ్మెల్యే పదవినీ వాళ్ల నెత్తిన పెట్టడం మాత్రం తొందరపాటే.

పిల్లలకు బాధ్యత తెలియదనే వాదన మన చట్టాల ముందే నిలవదు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు హక్కు వచ్చింది. ఆ వయసుకు అప్పు పత్రం మీద సంతకం చేయవచ్చు, నేరం చేస్తే పెద్దవాళ్ల కోర్టులోనే నిలబడాలి. అగ్నివీరుడిగా పదిహేడున్నరేళ్లకే సైన్యంలో చేరవచ్చు. సరిహద్దులో తుపాకీ పట్టడానికి చాలిన వయసు, తన వీధిలో పూడిపోయిన మోరీ గురించి తీర్మానం పెట్టడానికి చాలదు! రాజ్యాంగంలోని 243ఎఫ్ అధికరణం పంచాయతీలకు 21 ఏళ్లు అని గీత గీసింది. రాష్ట్రాలు తమంతట తాము దాన్ని కిందికి దించలేవు, పార్లమెంటే సవరించాలి.

అయితే చట్టంలో పొంతన లేదన్న ఒక్క కారణంతో పదవి ఇచ్చేయమనడం లేదు. యుక్తవయసు మనసు మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక తేడా చూపిస్తారు. నెమ్మదిగా కూర్చుని, నలుగురితో మాట్లాడి, లాభనష్టాలు బేరీజు వేసే శక్తి పదహారేళ్లకే దాదాపు పెద్దవాళ్లతో సమానమవుతుంది. కోపంలో, భయంలో, చుట్టూ జనం రెచ్చగొడుతున్నప్పుడు తనను తాను పట్టుకునే శక్తి రావడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఈ తేడా ఇంట్లో టీనేజీ పిల్లలున్న ప్రతి తల్లికీ తెలుసు. ఫోన్ కొనేముందు పది మోడళ్లు పోల్చి చూసి తల్లికి పాఠం చెప్పిన కొడుకే, సాయంత్రం స్నేహితుడి బండి వెనక హెల్మెట్ లేకుండా ఎక్కుతాడు.

అందుకే వయసు ఎంత అని అడిగే ముందు, ఆ పదవిలో మనిషి ఏ పని చేస్తాడని అడగాలి.

నల్గొండ జిల్లాలో ఒక గ్రామసభకు వెళ్లాను. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో పట్టుకుంటే గరగరమనే మైకు. సెక్రటరీ ఖర్చులు చదువుతున్నారు. ట్రాక్టర్ డీజిల్, బ్లీచింగ్ పౌడర్, వీధి దీపాలు. ముందు వరసలో కూర్చున్న వార్డు సభ్యురాలికి అక్షరాలు అంతంత మాత్రం. చేతికిచ్చిన కాగితాన్ని పక్కనున్న మేనకోడలికి అందించి, "ఏం రాసిండ్రో సదువు బిడ్డా" అంది. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్లు. వేలు పెట్టి ఒక్కో వరసే చదివి, ఒకచోట ఆగింది. "మన వార్డుల పన్నెండు లైట్లు ఏసినట్టు రాసిండ్రు అత్తా. వెలిగేటివి ఏడే." అత్త లేచి నిలబడి అదే మాట మైకులో అడిగింది. సెక్రటరీ పుస్తకం తిరగేసి, "చూసి చెప్తనమ్మా" అన్నారు. సభ అయిపోయాక మినిట్స్ బుక్కులో అత్త సంతకం పెట్టింది, పుట పట్టుకున్నది మేనకోడలు.

వార్డు సభ్యత్వం అంటే ముప్పావు వంతు ఆ పనే. చదవడం, లెక్క చూడడం, ప్రశ్న అడగడం, మిగతా సభ్యులతో కలిసి చేయి ఎత్తడం. నిర్ణయం ఒక్కరి మీద పడదు, ఆ క్షణానే తేల్చాల్సిన అవసరమూ ఉండదు. స్టైన్‌బర్గ్ చెప్పిన మొదటి రకం శక్తి ఈ పనికి చాలు. పింఛను దరఖాస్తు, భూమి కాగితం, రేషన్ కార్డులో తప్పు దిద్దించడం, ఇవన్నీ ఎన్నో ఇళ్లలో ఇప్పటికే పిల్లల చేతుల మీదుగానే జరుగుతున్నాయి. పని వాళ్లది, కుర్చీ మాత్రం వాళ్లది కాదు.

సర్పంచ్ కుర్చీ వేరు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను సర్పంచ్‌కూ ఉపసర్పంచ్‌కూ కలిపి ఇచ్చింది. కాంట్రాక్టర్ ఇంటికొచ్చి కూర్చుంటాడు, ఎమ్మెల్యే మనిషి ఫోన్ చేస్తాడు, ఎంబీ, అంటే పని కొలతల పుస్తకంలో రికార్డు కాకపోయినా బిల్లు పెట్టమంటారు. సంతకం చేస్తే రేపు రికవరీ నోటీసు, చేయకపోతే ఈ రోజే తగాదా. అంతకంటే బరువైనది అప్పు. గత పాలకవర్గాల్లోని సర్పంచులు ఎంతోమంది వైకుంఠధామాలు, డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాల పనులకు వడ్డీకి తెచ్చి పెట్టారు. 2024 ఆరంభంలో పదవీకాలం ముగిసింది, బిల్లులు మాత్రం రాలేదు. భార్యల మెడలో పుస్తెలు తాకట్టు పెట్టిన వాళ్లు హైదరాబాద్‌కు ధర్నాకు వస్తే అరెస్టయ్యారు. నలభై ఏళ్లు దాటి, నాలుగెకరాల పొలం ఉన్న మనిషిని కూల్చేసిన భారం అది. దాన్ని ఇంటర్ పాసైన కుర్రాడి భుజాన పెట్టడం అతన్ని గౌరవించడం అనిపించుకోదు. ముందు ఆ పద్ధతే మారాలి, పెద్దవాళ్ల కోసమైనా సరే.

అమెరికాలో ఈ రెండు రకాల కుర్చీల్లోనూ పిల్లలు కూర్చున్నారు. వెస్ట్ వర్జీనియాలో సైరా బ్లేర్ 17 ఏళ్లకే, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో సిట్టింగ్ సభ్యుణ్ణి ఓడించి, 2014 నవంబరులో 18 ఏళ్లకు రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచింది. వంద మంది సభ్యుల్లో ఒకరు. ఏడాదిలో ప్రధాన సమావేశాలు 60 రోజులే కాబట్టి కాలేజీలో ఆ సెమిస్టర్ వాయిదా వేసుకుని సభకు వెళ్లింది. మిషిగాన్‌లోని హిల్స్‌డేల్‌లో 2005లో మైకేల్ సెషన్స్ హైస్కూలు చదువుతూనే మేయరయ్యాడు. నామినేషన్ల గడువు నాటికి 18 నిండకపోవడంతో బ్యాలెట్‌లో పేరు లేదు, ఓటర్లే చేత్తో రాసి గెలిపించారు. అక్కడ రోజువారీ పాలన నడిపేది సిటీ మేనేజర్ కాబట్టి చదువూ పదవీ రెండూ సాగాయి. ఆర్కన్సాలోని ఎర్ల్ అనే చిన్న పట్టణంలో 2022 డిసెంబరులో 18 ఏళ్ల జేలెన్ స్మిత్ మేయరైనప్పుడు అతని హామీలు పాడుబడ్డ ఇళ్లు తొలగించడం, ఊరికి కిరాణా దుకాణం తెప్పించడం. ఆ వయసు వాళ్లు ఆకాశాన్నంటే మాటలు చెబుతారనుకునే వాళ్లు ఈ హామీలు ఒకసారి చూడాలి.

బ్రిటన్‌లో పోటీ వయసు 2006లో 21 నుంచి 18కి దిగింది. 2015లో మ్హైరీ బ్లాక్ 20 ఏళ్లకే లేబర్ అగ్రనేత డగ్లస్ అలెగ్జాండర్‌ను ఓడించి పార్లమెంటుకు వెళ్లింది. తెలివైన మనిషి, ఆమె తొలి ప్రసంగాన్ని లక్షల మంది చూశారు. తొమ్మిదేళ్లకే, అక్కడి వాతావరణం విషపూరితమని చెప్పి 2024లో తప్పుకుంది. ఆమెకు సామర్థ్యం లేదని ఎవరూ అనలేరు. నాకు అర్థమైనది ఇది: పెద్ద సభలు చిన్న వయసు మనిషిని చాలా త్వరగా అరగదీస్తాయి.

మన దగ్గర అసెంబ్లీ తలుపు 18కి తెరిస్తే లోపలికి ఎవరొస్తారు? పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితే 40 లక్షల రూపాయలు. అసలు ఖర్చు ఎంతో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 25 ఏళ్ల విజేతలుగా పత్రికలు రాసిన నలుగురిలో శాంభవి చౌదరి, పుష్పేంద్ర సరోజ్, ప్రియా సరోజ్ ముగ్గురూ నాయకుల పిల్లలు. నాలుగో మనిషి, భరత్‌పూర్‌లో గెలిచిన సంజనా జాతవ్, అంతకుముందు రాజస్థాన్‌లో జిల్లా పరిషత్ సభ్యురాలు. పాలకుర్తిలో 2023లో 26 ఏళ్ల యశస్విని రెడ్డి ఎర్రబెల్లి దయాకర్ రావును ఓడించడం పెద్ద విజయమే. ఆ టికెట్ ఆమెకు వచ్చింది మాత్రం అత్త ఝాన్సీ రెడ్డికి పౌరసత్వం అడ్డొచ్చాక. ఆమెను తప్పుపట్టడం లేదు. దారి ఎటునుంచి వేసి ఉందో చూపిస్తున్నాను. సైరా బ్లేర్ తండ్రి కూడా అప్పటికే ఆ రాష్ట్ర సెనేటర్.

వార్డు లెక్క అది కాదు. తెలంగాణలో ఐదు వేలలోపు జనాభా ఉన్న పంచాయతీలో వార్డు అభ్యర్థి ఖర్చు పరిమితి 30 వేలు. ఓటర్లు వంద, రెండు వందలు. అందరూ ముఖం తెలిసిన వాళ్లే. ఆ పిల్ల ఎలాంటిదో, ఆ పిల్లవాడు మాట మీద నిలబడతాడో లేదో ఎన్నికల సంఘం కంటే ఆ వీధికే బాగా తెలుసు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఇలాంటి స్థానాలు రెండు లక్షలకు పైగా ఉన్నాయి.

పరిణతి లేదనే వాళ్లను నేను ఒకటి అడగాలనుకుంటాను. పరిణతి వచ్చే చోటు ఏది మిగిల్చాం? పదహారు నుంచి పద్దెనిమిది దాకా మన పిల్లల్ని కార్పొరేట్ ఇంటర్ హాస్టళ్లలో పెడుతున్నాం. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్ట్. ఇంటికి ఫోన్ చేయడానికి కూడా వరసలో నిలబడాలి. తర్వాత కాలేజీలోనైనా ఎన్నిక అంటే ఏమిటో చూస్తారా అంటే, 1980ల చివరి నుంచి మన కాలేజీల్లో విద్యార్థి సంఘ ఎన్నికలే లేవు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటివి ఒకటీ అరా మినహాయింపు. ఓడిపోయి మర్నాడు క్లాసుకు రావడం, గెలిచి ఎదుటివాడి మాట వినడం ఎక్కడా నేర్పలేదు. అదే పిల్లల్ని బైక్ ర్యాలీకి, ఫ్లెక్సీ కట్టడానికి, ఎదుటి పార్టీని సోషల్ మీడియాలో తిట్టడానికి మాత్రం పార్టీలు పిలుస్తాయి. కేసు పడితే ఎక్కువసార్లు ఒంటరిగా మిగిలేది ఆ పిల్లవాడే. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. రాజకీయం వాళ్ల దాకా రాకుండా ఏమీ లేదు. బాధ్యత లేని రూపంలో వస్తోంది.

కర్ణాటక పంచాయతీల్లో మక్కళ గ్రామసభలు, అంటే పిల్లల గ్రామసభలు పెడుతున్నారు. పిల్లలు బడి మరుగుదొడ్డి గురించి, బస్సు గురించి అధికారుల్ని ముఖాముఖి అడుగుతారు. మంచి మెట్టు. అడగడం నేర్చుకున్న పిల్లకు ఆ తర్వాత ఓటు వేసే కుర్చీ కూడా ఉండాలి కదా.

ఈ వాదన తెలుగువాళ్లకు కొత్త కాదు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు ఒకమ్మాయి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపింది. టికెట్ తెప్పించాకే లోపలికి వదిలింది. ఆ అమ్మాయే దుర్గాబాయి. పాతికేళ్ల తర్వాత, 1949 మేలో, రాజ్యాంగ సభలో రాజ్యసభ సభ్యుడి కనీస వయసు 35 అని ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని 30 చేయాలని సవరణ పెట్టిందీ ఆమే. వివేకం వయసు మీద ఆధారపడదని, ఇప్పటి అమ్మాయిలూ అబ్బాయిలూ బాధ్యతను ముందే గుర్తిస్తున్నారని ఆమె వాదించారు. సభ ఒప్పుకుంది. ఇప్పుడు మనం చూస్తున్న 30 ఆమె చలవే.

చదువు పాడవుతుందనే అభ్యంతరం ఉంది. పంచాయతీ సమావేశాలకు రోజూ వెళ్లక్కర్లేదు కాబట్టి అది పెద్దది కాదు. పై చదువులకు ఊరు వదిలిపోయే వాళ్లు పోటీ చేయరు. మిగిలేది పక్క పట్నంలో డిగ్రీ చదివే అమ్మాయిలు, ఇంటి దగ్గర వ్యవసాయం చూసుకునే అబ్బాయిలు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. పద్దెనిమిది నిండగానే పెళ్లి మాట మొదలయ్యే ఇళ్లలో, అమ్మాయి చేతిలో ఐదేళ్ల పదవి ఉంటే ఆ మాట కొంతైనా వెనక్కి జరుగుతుందని నేను ఆశిస్తున్నాను. ఇంట్లోవాళ్లే ఆమె పేరుతో పెత్తనం చేస్తారన్న భయం నిజమే. కానీ "సర్పంచ్ గారి భర్త" నలభై ఏళ్ల మహిళల పక్కన కూడా కూర్చుంటున్నాడు. దానికి మందు వయసు పెంచడం కాదు, సభలో ఆమె కుర్చీ దగ్గర ఇంకొకర్ని కూర్చోనివ్వకపోవడం.

21 అనే అంకె పైకి కనిపించినంత చిన్నది కాదు. పంచాయతీ ఎన్నికలు ఐదేళ్లకోసారి. కేరళలో రేష్మా మరియం రాయ్‌కి 2020లో నామినేషన్ల గడువుకు ఒక్క రోజు ముందు 21 నిండాయి. ఆ ఒక్క రోజు వల్ల ఆమె అరువాపులం పంచాయతీ అధ్యక్షురాలు కాగలిగింది. తేదీ కలిసిరాని వాళ్లు 25, 26 దాకా ఆగాలి. గ్రామసభలో లైట్లు లెక్కపెట్టిన ఆ అమ్మాయికి గత ఎన్నికల నాడు వయసు చాలలేదు. మళ్లీ ఎన్నికలు వచ్చేనాటికి చదువో ఉద్యోగమో పెళ్లో ఆమెను ఊరి నుంచి తీసుకుపోయి ఉంటుంది. వార్డులో ఆ ఐదు లైట్ల సంగతి అడగడానికి అత్త పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు.