దయ్యానికైనా అద్దె ఇల్లు దొరకాలిగా!

బ్రిటన్ మాంద్యంలోకి జారుకుందని ప్రభుత్వ లెక్కలు తేల్చి చెప్పింది 2009 జనవరి 23, శుక్రవారం నాడు. ఆ వెంటనే వచ్చిన ఆదివారం రాత్రి బీబీసీ త్రీలో 'బీయింగ్ హ్యూమన్' మొదటి సీజన్ మొదలైంది. మనుషుల రక్తం తాగే ఒక వాంపైర్, పున్నమికి తోడేలుగా మారే ఒక కుర్రాడు, ఒక దయ్యం కలిసి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒకే ఇంట్లో కాపురం పెట్టిన కథ. ఆ రెండు తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ ఈ సీరియల్‌ని హారర్ అనో, కామెడీ అనో వర్గీకరించి పక్కన పెట్టేసేవాళ్లకి ముందుగా చూపించాల్సింది ఆ తేదీలనే అంటాను. నా లెక్కలో ఇది అద్దె ఇంటి కథ. ఇల్లు ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు, దొరికినవాళ్లని ఎంతకాలం ఉండనిస్తారు అన్నదే ఇందులో అసలు భయం.

కథ తెలిసినవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. వాంపైర్ మిచెల్, తోడేలుగా మారే జార్జ్ ఆస్పత్రిలో స్ట్రెచర్లు తోసే పనివాళ్లు. ఆనీ అదే ఇంట్లో చనిపోయి, అక్కడే ఉండిపోయిన అమ్మాయి. సీరియల్ రచయిత టోబీ విట్‌హౌస్ మొదట రాయాలనుకున్నది కాలేజీ స్నేహితులు ముగ్గురు కలిసి ఇల్లు కొనుక్కునే మామూలు కథ. అది ఎంతకీ కుదరక, ఆ ముగ్గురినీ ఇలా మార్చాడు. 2008లో పైలట్, అంటే నమూనాగా తీసిన ఎపిసోడ్, తర్వాత 2013 దాకా ఐదు సీజన్లు. అమెరికాలో సైఫై చానల్ బోస్టన్ నేపథ్యంలో 52 ఎపిసోడ్లు తీసింది కానీ దాని జోలికి నేను పోను. నాకు కావాల్సింది బ్రిస్టల్ వీధి.

ఎందుకంటే అద్దె ఇల్లు అన్న సంగతి ఈ కథకి అలంకారం కాదు, ఇరుసు. ఆ ఇంటి ఓనరు ఓవెన్. ఆనీకి కాబోయే భర్త. ఆమెని మెట్ల మీంచి తోసి చంపింది అతనే. చంపాక ఇల్లు అద్దెకిచ్చాడు. కొత్తవాళ్లు చేరాక కూడా ఏదో రిపేరు చూడాలంటూ అతను లోపలికి వచ్చేస్తుంటాడు. ఆనీ అతన్ని చూసి మొదట మురిసిపోతుంది, నిజం గుర్తొచ్చాక వణికిపోతుంది. మన కథల్లో దయ్యం ఎప్పుడూ పాత బంగళాకి యజమానురాలు, కొత్తగా వచ్చినవాళ్లని తరిమేస్తుంది. ఇక్కడ దయ్యానికి ఇంటి మీద ఏ హక్కూ లేదు. చచ్చాక కూడా ఓనరుకి భయపడే దయ్యాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమె రోజంతా టీ పెడుతూ ఉంటుంది. తాగలేదు. కిచెన్ నిండా కప్పులు పేరుకుపోతుంటాయి. ఆ ఇంట్లో తనూ ఒక మనిషినే అని చూపించుకోవడానికి ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క పనే. సరే, చివరికి ఆమె ఓవెన్ చెవిలో ఏదో చెబుతుంది, చనిపోయినవాళ్లకే తెలిసిన రహస్యం. అదేమిటో ప్రేక్షకుడికి చెప్పరు. అతను తనంతట తానే పోలీసుల దగ్గరికి పోతాడు. కానీ నా దృష్టిలో ఆ సీన్ కంటే ఆ టీ కప్పులే గొప్పవి.

ఇప్పుడు ఆ ముగ్గురూ ఎవరో చూడండి. మిచెల్ ఐరిష్. జార్జ్ యూదు, మెడలో దావీదు నక్షత్రం వేసుకుంటాడు, వాంపైర్లని దూరం పెట్టేది అదే. ఆనీ వేషం వేసిన లెనోరా క్రిచ్‌లో తండ్రి ట్రినిడాడ్ నుంచి వలసవచ్చిన ఫ్రాంక్ క్రిచ్‌లో. లండన్ నాటింగ్‌హిల్‌లో మాంగ్రోవ్ రెస్టారెంట్ పెట్టి, పోలీసుల దాడుల మీద నిరసన తెలిపినందుకు 1971లో బోనెక్కిన తొమ్మిదిమందిలో ఆయన ఒకడు. అల్లర్ల అభియోగం నుంచి తొమ్మిదిమందీ బయటపడ్డారు. 1950ల నాటి ఇంగ్లండ్‌లో ఇలాంటి ముగ్గురు కలిసి ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరితే ఏమయ్యేది? నల్లవాళ్లకీ, ఐరిష్ వాళ్లకీ ఇవ్వం అని ఓనర్లు కిటికీల్లో బోర్డులు పెట్టిన కాలం అది. రంగు, జాతి చూసి ఇల్లు నిరాకరించడం చట్టవిరుద్ధమని బ్రిటన్ చట్టం చెప్పింది 1968లోనే. ఆ చట్టం దాకా నడిపించిన పోరాటాల్లో ఒకటి ఇదే బ్రిస్టల్‌లో జరిగింది. నల్లవాళ్లని, ఆసియా వాళ్లని సిబ్బందిగా తీసుకోబోమన్న బస్సు కంపెనీని 1963లో ఊళ్లోని నల్లవాళ్లూ, వాళ్లకి అండగా నిలిచినవాళ్లూ బహిష్కరించారు. ఆ పట్టు సడలాక మొదట కండక్టరు ఉద్యోగం వచ్చింది రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కుకి. ఈ చరిత్రంతా విట్‌హౌస్ మనసులో ఉందో లేదో నాకు అనవసరం. సీరియల్‌లో ఒక్క పాత్రా ఈ మాట ఎత్తదు. ఎత్తకపోవడమే మంచిదయింది. తలుపు తీసిన ఓనరు ఒకప్పుడు ముఖం మీదే తలుపు వేసే ముగ్గురినే ఏరి, వాళ్లకి కోరలూ, వెంట్రుకలూ, కనిపించని శరీరమూ ఇచ్చి ఆ వీధిలో కూర్చోబెట్టారు. అంతకంటే ఏం కావాలి?

ఒక అభ్యంతరం ఉంది, బలమైనదే. మిచెల్ నిజంగానే చంపుతాడు. రెండో సీజన్‌లో రైలు పెట్టెలో ఇరవై మందిని పొట్టన పెట్టుకున్నాడు. అలాంటివాణ్ని వివక్షకి గురైనవాడితో పోలిస్తే, "వాళ్లంటే భయపడటంలో తప్పేముంది" అన్నవాళ్ల వాదనే గెలుస్తుంది కదా? అందుకే చాలామంది విమర్శకులు దీన్ని మత్తు బానిసత్వం కథగా చూస్తారు. రక్తం మానేసి బతకాలనుకునేవాడు మళ్లీ జారిపోవడం అన్నమాట. ఆ కోణం ఉంది, కాదనను.

కానీ ఆ వాదన ఒక విషయం గమనించదు. ఈ కథలో మొదటి సీజన్‌లో దర్జాగా తిరిగే హంతకులెవరు? వాంపైర్ల నాయకుడు హెర్రిక్ పోలీసు యూనిఫారంలో ఉంటాడు. ఓవెన్ ఆస్తిపరుడు. ఇద్దరినీ వీధి ఎప్పుడూ అనుమానించదు. అదే వీధి మిచెల్ మీద ఎప్పుడు విరుచుకుపడిందో గుర్తుందా? పక్కింటి పిల్లాడు బెర్నీతో స్నేహం చేసి, సినిమా చూడమని డిస్క్ ఇచ్చినప్పుడు. పొరపాటున పిల్లలు చూడకూడని వేరే డిస్క్ వెళ్లింది. అంతే, పిల్లల్ని చెరిచేవాడని ముద్ర వేసి జనం ఇంటి మీదకి వచ్చారు. అతను చేసిన హత్యల గురించి ఆ వీధికి తెలియనే తెలియదు. పెళ్లాం పిల్లలు లేకుండా, వేళాపాళా లేకుండా తిరిగే మగవాడు కాబట్టి చేసే ఉంటాడని నమ్మేశారు. భయం సరైన మనిషి మీదే పడింది, పూర్తిగా తప్పుడు కారణంతో. ఇంత నిక్కచ్చిగా వీధి మనస్తత్వాన్ని చూపించిన టీవీ ఎపిసోడ్లు తక్కువ.

అందుకే నాలుగో సీజన్ నాకు మింగుడు పడదు. మూడో సీజన్‌లో కథ వేల్స్‌లోని బ్యారీకి, ఒకప్పటి లాడ్జికి మారినా పర్లేదనిపించింది. ఆ తర్వాత జోస్యాలు, ప్రపంచాన్ని కాపాడే పసిపాప, వేల ఏళ్ల నాటి వాంపైర్ పెద్దలు. గిన్నెలు ఎవరు కడగాలన్న గొడవ పోయి మానవజాతి భవిష్యత్తు వచ్చింది. లోకాన్ని ఎవరైనా కాపాడతారు టీవీలో. నెలాఖరుకి అద్దె కట్టేవాళ్లే కరువు.

సీరియల్ 2013లో ముగిసింది. మరుసటి ఏడాదే బ్రిటన్ వలసల చట్టం తెచ్చి, అద్దెకొచ్చేవాళ్ల వీసా కాగితాలు పరిశీలించే బాధ్యత ఇంటి ఓనర్ల మీద పెట్టింది. 2016 నుంచి ఇంగ్లండ్ అంతటా అమలు. విజయవాడ నుంచో వరంగల్ నుంచో మాస్టర్స్‌కి వెళ్లి, నలుగురు కలిసి ఇల్లు తీసుకునే మన పిల్లలకి ఈ తనిఖీ బాగా తెలుసు. ఈ పద్ధతి వల్ల వివక్ష జరుగుతోందని 2019లో హైకోర్టు అంది. జరుగుతున్నా చట్టం సమర్థనీయమేనని మరుసటి ఏడాది అప్పీలు కోర్టు అంది. అక్కడ కనీసం కోర్టు దాకా వెళ్లడానికి ఒక దారి ఉంది.

ఇక్కడ? హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు చూసి గేటు దగ్గరికి వెళ్లండి. అద్దె ఎంతో చెప్పేముందే "ఫ్యామిలీయేనా?" అని ప్రశ్న. బ్యాచిలర్ అయితే అక్కడితో సరి. ఫ్యామిలీ అయితే తర్వాతి ప్రశ్న "మీరేమిట్లు?" జవాబు నచ్చకపోతే "నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చారండీ" అంటారు, బోర్డు మాత్రం ఇంకో నెల వేలాడుతుంది. నాన్‌వెజ్ వండుతారా అన్నది వంట గురించిన ప్రశ్న కాదని అడిగేవాళ్లకీ తెలుసు, అడిగించుకునేవాళ్లకీ తెలుసు. ముస్లిం పేరుంటే ఫోన్‌లోనే తేలిపోతుంది. ఒంటరి ఆడపిల్ల రాత్రి షిఫ్ట్ చేస్తుందంటే ఎదురింటివాళ్లు కూడా ఇంటర్వ్యూకి హాజరవుతారు. ఇంత జరుగుతున్నా మనకి ఇది వివక్షలా అనిపించదు, ఓనరు ఇష్టం అనిపిస్తుంది. మిచెల్ ఇంటి మీదకి వచ్చిన జనానికీ తాము తప్పు చేస్తున్నామని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించింది. ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని అందులో ఉంది. తగాదాలు తేల్చడానికి ప్రత్యేక యంత్రాంగం ఉంది. కులమో మతమో చూసి ఇల్లు ఇవ్వననే ఓనరు గురించి ఒక్క వాక్యం లేదు. మన దేశంలో అది చేతకాని పనేమీ కాదు. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం మూడో సెక్షన్, ఇల్లు అద్దెకి తీసుకునే విషయంలో వాళ్ల పట్ల వివక్ష చూపకూడదని స్పష్టంగా రాసింది. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి, వాక్యం మాత్రం ఉంది. ఇళ్ల అద్దె మీద చట్టం చేసే అధికారం రాష్ట్రాలకి ఉంది. అదే వాక్యాన్ని దళితుడికీ, ముస్లింకీ, ఒంటరి మహిళకీ, బ్యాచిలర్‌కీ వర్తించేలా రాసుకోవడానికి అమరావతి గానీ, హైదరాబాద్ గానీ ఢిల్లీ ముందు కదిలేదాకా ఆగాల్సిన పని లేదు.