సవరణ: జానీ వాకర్ ఓడ దిగింది ఆ రాత్రి కాదు

బ్రిటిష్ రేడియో వ్యాఖ్యాత జానీ వాకర్ గురించి నిన్న రాసిన దాంట్లో పెద్ద తప్పు దొర్లింది. 1967 ఆగస్టులో ఓడల మీది రేడియోలను అడ్డుకునే చట్టం రాగానే ఆయన, సముద్రంలో ఓడ మీది నుంచి ప్రసారాలు చేసే రేడియో కరోలిన్ వదిలి బీబీసీలో చేరారని రాశాను. నిజానికి జరిగింది దాదాపు తలకిందులు. ఆగస్టు 14న మరో ఓడ స్టేషన్ రేడియో లండన్ మూతపడింది. ఆ అర్ధరాత్రి దాటి చట్టం అమల్లోకి వచ్చాక కూడా కరోలిన్‌లో మాట్లాడుతూనే ఉన్నది వాకరే. 1968 మార్చిలో బాకీల కింద ఓడలను లాక్కుపోయేదాకా ఆ స్టేషన్ మోగింది. బీబీసీ రేడియో వన్‌లో ఆయన చేరింది 1969లో.

కరోలిన్‌ను నిన్న ‘చట్టవిరుద్ధ స్టేషన్’ అన్న మాటా తొందరపాటే. ఓడ బ్రిటన్ జలాల అవతల లంగరేసి ఉండేది. ఆ చట్టం వచ్చాకే అందులో పనిచేయడం బ్రిటిష్ పౌరులకు నేరమైంది.

ఇంగ్లండ్‌లోని ఫ్రింటన్ తీరంలో కార్లు ఆపుకున్న శ్రోతలను హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పమని రాత్రిళ్లు అడిగేవారు వాకర్. ఓడ మీది నుంచి చీకట్లో ఆ మినుకులు చూస్తూ వాళ్లతో మాట కలిపేవారు. అసలు రాయాల్సింది ఇది. నేనేమో తేదీల్లో పడి, అవీ తప్పు రాశాను.

2024 అక్టోబరులో బీబీసీ రేడియో టూ నుంచి విరమించారన్నది మాత్రం సరైనదే.