క్యూ కదలకపోవడానికి కారణం నెట్ కాదు

అడ్మిషన్ల సీజన్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకెళ్లినా ఒకటే మాట: 'నెట్ స్లో'. నేనొప్పుకోను. ఆలస్యమంతా ఫైలు వెతకడంలోనే ఉంది.

'ఇందాకే పంపినాను కదేటి బాబూ' అంటాడు కుర్రాడు. పంపాడు, నిజమే. వాట్సాప్ వెబ్ నుంచి దిగిన ఆ మార్కుల లిస్టుకు 'వాట్సాప్ ఇమేజ్' అని, పక్కన తేదీ, టైము తప్ప వేరే పేరుండదు. డౌన్‌లోడ్స్‌లో అలాంటివి కుప్పలు. అప్‌లోడ్ నొక్కితే వచ్చే విండో మాత్రం ఇంతకుముందెప్పుడో వాడిన ఫోల్డర్లోకి తీసుకుపోతుంది. దించిందీ ఆ బ్రౌజరే, ఎక్కించమనేదీ ఆ బ్రౌజరే! ఇప్పుడే దిగిన ఫైళ్లను బొమ్మలతో సహా ముందు చూపించడానికి ఏం అడ్డం? ఒపెరా అనే బ్రౌజర్ చేసి చూపించింది కదా.

అంత దూరం ఎందుకు, 1986 నాటి నార్టన్ కమాండర్ అనే ఫైళ్లు సర్దుకునే ప్రోగ్రాం తెరను రెండుగా చీల్చి ఎడమన ఒక ఫోల్డర్, కుడిన మరొకటి పెట్టేది. ఎఫ్5 కొడితే కాపీ, ఎఫ్6 కొడితే మూవ్. మౌస్ ముట్టక్కర్లేదు. 2021లో విండోస్ 11 ఏం చేసింది? రైట్ క్లిక్ మెనూ నాజూగ్గా కనబడాలని సగం పనుల్ని 'షో మోర్ ఆప్షన్స్' వెనక దాచేసింది. కట్, కాపీల పేర్లు పీకేసి బొమ్మలు మిగిల్చింది. 2024 వెర్షన్లో ఆ బొమ్మలకు మళ్లీ పేర్లు తగిలించింది. ఈలోగా ఆపరేటర్ల కళ్లు పోయాయి.

డిజైనర్లనడిగితే, మెనూ పొడుగైతే కొత్తవాళ్లు బెదురుతారట. సెర్చ్ ఉండగా ఫోల్డర్ల గోలెందుకట. కొత్తవాడు నెల తిరిగేసరికి పాతవాడవుతాడు, అదనపు క్లిక్కు మాత్రం ఏళ్లతరబడి ఉండిపోతుంది. సెర్చ్ అంటారా, పేరు తెలిస్తేగా కొట్టేది!

నిజానికి నా కోపం డిజైనర్ల కన్నా సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ల మీద. ఫోటో ఇన్ని కేబీల లోపే ఉండాలి, సంతకం జేపీజీలోనే ఉండాలి అంటాయి దరఖాస్తులు. కుదించడం సర్వర్‌కు చిటికెలో పని. దాన్ని పలాస నుంచి బస్సెక్కి వచ్చిన తల్లి నెత్తిన వేసి, షాపులో డబ్బులిచ్చి చేయించుకోమంటున్నారు. 2019 నుంచి ఊరూరా సచివాలయాలున్నాయి, వాటిలో దరఖాస్తులెక్కించే ఉద్యోగులు, డిజిటల్ అసిస్టెంట్లున్నారు. పోర్టల్ తయారుచేసేముందు వాళ్లనెవరైనా ఒక్క ముక్క అడిగారా? పొందూరు మండలంలో ఏదో ఒక సచివాలయంలో కూర్చుని, ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తుకు ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో లెక్కపెట్టండి. అందులో సగానికి మించితే బిల్లు పాస్ కాదని వచ్చే టెండర్లో రాయండి.