వాత తేలని దెబ్బకు సాక్ష్యం ఏది?

పోలీసోళ్లకు స్టన్ గన్‌లు, అంటే కరెంటు షాక్ కొట్టే మిషన్లు, ఇయ్యాలె అన్న ముచ్చట వచ్చినప్పుడల్లా హన్మకొండ చౌరస్తాల చాయ్ తాగేటోళ్లు కూడా ఒకటే అంటరు, తుపాకి కంటే నయం గదా, ప్రాణం పోదు గదా అని. కత్తి పట్టుకొని మీదికొచ్చేటోడి ముంగట నిలబడ్డ కానిస్టేబుల్ భయం చిన్నదేం కాదు, ఒప్పుకుంట. కానీ మన కానిస్టేబుల్ చేతిల ఇయ్యాల ఉన్నది తుపాకి కాదు, లాఠీ. స్టన్ గన్ వస్తే పక్కకు పోయేది లాఠీయే.

లాఠీ దెబ్బకు వాత తేలుతది. మా చిన్నాయనను ఒకసారి అనుమానం మీద స్టేషన్‌ల రెండు రోజులు ఉంచుకొని పంపిన్రు, మా నాయనమ్మ ఇసుక వేడిచేసి గుడ్డల మూటగట్టి తొడల మీద కాపడం పెట్టబోతుంటే వకీలు సాబ్ ఉరికొచ్చి "ఆగమ్మా, ముందు ఫొటో తీయనియ్యి" అన్నడు. కమిలి నల్లగైన ఆ వాతలు తప్ప మా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు.

టేజర్ అనే స్టన్ గన్‌ల రెండు సన్నటి ముళ్లు తీగలతోని వచ్చి గుచ్చుకుంటయి, ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఐదు సెకన్లు కరెంటు, కండరాలు బిగుసుకొని మనిషి కూలబడతడు. అదే మిషన్‌ను నేరుగా ఒంటికి ఆనించి కూడా షాక్ ఇయ్యొచ్చు, అప్పుడు మనిషిని ఆపేది తక్కువ, నొప్పి మాత్రం నొప్పే. లాకప్‌ల వాడబుద్ధయ్యేది ఇదే అని నా భయం. మిగిలేది చిన్న చుక్కల మచ్చలు, దోమ కుట్టిందన్నా నమ్మాలె. అరెస్టయినోడిని డాక్టర్ చూసి గాయాలు రాయాలె అని చట్టం చెప్తది, ఏం చూసి రాస్తడు?

2007ల కెనడాల వాంకూవర్ ఎయిర్‌పోర్టుల ఒక పోలండ్ ప్రయాణికుడిని పోలీసులు ఐదుసార్లు టేజర్‌తోని కొట్టిన్రు, అక్కడికక్కడే చనిపోయిండు. పోలీసులు చెప్పింది తప్పని తేలింది ఎట్లనో తెలుసా, పక్కనున్న ఒకాయన తీసిన వీడియోతోని. మన లాకప్‌ల ఆ పక్కనుండే మనిషి ఎవరు? అందుకే నేను ఎప్పుడూ కెమెరాల దగ్గరికే వస్త. ప్రతి స్టేషన్‌ల, లాకప్‌తో సహా సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది, 2025ల పనిచెయ్యని కెమెరాల మీద తనంతట తానే మళ్ల కేసు తీసుకోవాల్సి వచ్చింది.

టేజర్‌ల ట్రిగ్గర్ ఎప్పుడు నొక్కిన్రు, ఎంతసేపు నొక్కిన్రు అన్నది లోపల రికార్డయితది. ఆ లెక్క, లాకప్ ఫుటేజీ రెండూ 24 గంటల్ల మెజిస్ట్రేట్ ముంగట పెడతమని జీవో ఇయ్యుండ్రి, స్టన్ గన్ సంగతి అప్పుడు మాట్లాడుదం.