సవరణ: సేఖోన్ నడిపింది నాట్ విమానం, ఏడాది 1971

వాయుసేన దినోత్సవానికి మా విజయనగరం బడిపిల్లల కోసం పెట్టిన పోస్టులో, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జీత్ సింగ్ సేఖోన్ 1965 యుద్ధంలో మిగ్-21 నడుపుతూ అమరుడయ్యారని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే.

ఆయన 1967లో గానీ వాయుసేన అధికారి కాలేదు. వీరమరణం పొందింది 1971 డిసెంబరు 14న, శ్రీనగర్‌లో. నడిపింది బుల్లి నాట్ విమానం. ఆరు పాకిస్తానీ సేబర్ యుద్ధవిమానాలు వైమానిక స్థావరంపై విరుచుకుపడ్డాయి. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే ఆయన పైకి లేచి వాటితో తలపడ్డారు. 1965లో సేబర్లను కూల్చి పేరు తెచ్చుకున్నవీ నాట్ విమానాలే. ఆ రెండు యుద్ధాలనూ నేను కలిపేశాను. పురస్కార పత్రం, వాయుసేన ప్రచురించిన వివరాలు చూసి ఇది రాస్తున్నాను.

మరొకటి. ‘పరమవీర చక్ర పొందిన తొలి పైలట్’ అన్నాను. తొలి అంటే తర్వాత ఇంకెవరో ఉన్నారనే కదా అర్థం! వాయుసేనలో ఆ పతకం దక్కింది ఆయన ఒక్కరికే.

కోట దగ్గర ఉండే విశ్రాంత వాయుసేన ఉద్యోగి ఒకరు ఫోను చేసి చెప్పారు. చార్టుపై మా అమ్మాయి ఎర్ర సిరాతో రాసిన 1965 మీద తెల్లకాగితం అతికించి 1971 అని దిద్దాం. నా పోస్టు చూసి రాసుకున్నవారూ దయచేసి దిద్దుకోండి.