బ్యాంకు నిల్వ చూసి మురిసిపోవద్దు

విజయనగరంలో తప్పెటగుళ్లు, హరికథ నేర్పే చిన్న కళాకేంద్రానికి బ్యాంకులో 6 లక్షలున్నాయి, ఢోకా లేదని ఒక వ్యాసంలో రాశారు. అందులో మూలనిధి (ఖర్చు పెట్టకుండా దాచి ఉంచాల్సిన సొమ్ము) ఎంత, ఫలానా పనికే ఇచ్చిన గ్రాంటు ఎంత? అవి తీసేసి మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగించండి. 3 నెలలకు తక్కువొస్తే ప్రమాదమే. సెలవుల్లో ఫీజులు ఆగుతాయి గానీ గురువుల జీతం, అద్దె ఆగవు. గ్రాంటు ఆలస్యమైతే మూలనిధిలో చెయ్యి పెడతారు, అక్కడే మునుగుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి ఊళ్లో హరికథ తరగతి మూతపడకూడదండీ! దాత ‘ఇది మూలనిధికే’ అని రాసివ్వాలి. లేకపోతే మామూలు ఆదాయం కిందికొస్తుంది, పన్ను పడకూడదంటే సాధారణంగా దాంట్లో 85 శాతం కేంద్రం ఆశయాల మీద ఖర్చు చూపాలి. విరాళం నగదుగా 2,000 దాటితే దాతకు దానిపై ఆదాయపన్ను మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో అడగండి.