గెలిచిన సవాలుకు ఖర్చెందుకు?

మధురవాడ స్టేడియంలో కెప్టెన్ రెండు చేతులతో 'టీ' గుర్తు చూపించగానే గ్యాలరీలన్నీ పెద్ద తెరవైపు తిరుగుతాయి. అంపైర్ తీర్పును వీడియోతో మళ్లీ చూడమని అడిగే డీఆర్‌ఎస్ మనకు అంతగా అలవాటైంది. 2016 నవంబరులో విశాఖ తన తొలి టెస్టు ఆడించినప్పుడు మాత్రం అది కొత్త వింత. ఏళ్ల తరబడి కాదన్న భారత బోర్డు, ఇంగ్లండ్‌తో సిరీస్‌కు ప్రయోగంగా ఒప్పుకుంది. రాజ్‌కోట్ మొదటి మ్యాచ్, మనది రెండోది. అంపైర్ తప్పును దిద్దాలా వద్దా అన్న వాదన అప్పటితోనే తీరిపోయింది. ఇప్పుడు తేలాల్సింది వేరు. దిద్దమని అడిగే హక్కు ఎవరి చేతిలో ఉండాలి? అడిగినందుకు ఎవరు మూల్యం చెల్లించాలి? ఈ రెండింటికీ అమెరికా బేస్‌బాల్ 2026 సీజన్‌కు ఖరారు చేసుకున్న సవాలు పద్ధతిలో క్రికెట్ కంటే సూటి జవాబుంది.

ఆ ఆటలో అంపైర్ కష్టం ఎక్కడుందో ముందు చూడాలి. పిచర్ 18.44 మీటర్ల దూరం నుంచి విసురుతాడు. 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.4 సెకను. బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక, హోమ్ ప్లేట్, వెడల్పు 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు. ఆ వెడల్పులో, బ్యాటర్ మోకాలి నుంచి ఛాతీ కింది వరకు ఉండే ఊహా చట్రాన్ని బ్యాటర్ కొట్టకుండా వదిలిన బంతి తాకితే స్ట్రైక్, తాకకపోతే బాల్. మూడు స్ట్రైకులకు బ్యాటర్ అవుట్. నాలుగు బాల్స్‌కు ఉచితంగా మొదటి బేస్, అంటే పరుగు దారిలో మొదటి మజిలీ. అంపైర్ క్యాచర్ వెనక, అతనికీ బ్యాటర్‌కూ మధ్య ఉన్న సందులోంచి చూస్తాడు. దగ్గరి అంచు తిన్నగా కనిపిస్తుంది, అవతలి కింది మూల ఏటవాలుగా కనిపిస్తుంది. పైగా క్యాచర్ బంతి అందుకున్న క్షణంలోనే గ్లవ్‌ను మెల్లగా లోపలికి లాగి, బయట పోయిన బంతిని లోపల పడినట్టు చూపిస్తాడు. ఇది మోసంగా కాక నైపుణ్యంగా చెలామణీ అయ్యే విద్య, దానికి జీతాలు కూడా పెరుగుతాయి. తప్పులు ఎక్కువగా ఆ మూలల్లోనే పుడతాయి.

కొత్త పద్ధతిలో జట్టుకు రెండు సవాళ్లు. అడగగలిగేది పిచర్, క్యాచర్, బ్యాటర్ మాత్రమే. నిర్ణయం వెలువడిన వెంటనే టోపీనో హెల్మెట్‌నో తట్టాలి. డగౌట్ వైపు చూడకూడదు, ఎవరి సలహా వినకూడదు. చట్రం కొలత ప్రతి బ్యాటర్ నిలువెత్తుకు కట్టి ఉంటుంది: పై అంచు ఎత్తులో 53.5 శాతం, కింది అంచు 27 శాతం. 180 సెంటీమీటర్ల మనిషికి నేల నుంచి 48.6 నుంచి 96.3 సెంటీమీటర్ల వరకు. ప్లేట్ లోతులో సరిగ్గా మధ్యన ఈ కొలత తీస్తారు. బంతి అంచు ఆ గీతను తాకినా స్ట్రైకే. బొమ్మ పెద్ద తెరమీద వస్తుంది, తీర్పు అయిపోతుంది. సవాలు నెగ్గితే ఆ సవాలు జట్టు దగ్గరే ఉంటుంది. ఓడితే పోతుంది.

ఈ చివరి నిబంధనే మొత్తం వ్యవస్థకు ప్రాణం. అంపైర్ పది తప్పులు చేస్తే పదీ అడిగే హక్కు జట్టుకు ఉంటుంది, ప్రతిసారీ సరిగ్గా అడగగలిగితే చాలు. ఖర్చు ఊరికే అడిగినవాడి మీదే పడుతుంది. 2025 వసంతకాలపు సన్నాహక మ్యాచుల్లో దీన్ని పరీక్షించినప్పుడు సవాళ్లలో సగానికి కాస్త పైగా నెగ్గాయి. అంటే ఆటగాడు కచ్చితంగా తప్పనుకున్న వాటిలోనూ దాదాపు సగం సార్లు అంపైరే కరెక్టు. ఆ సంగతి వేల మంది ముందు తెరమీద రుజువవుతుంది. అంపైర్ పరువుకు ఇంతకన్నా గట్టి కాపు ఏముంటుంది?

దిద్దే దారి లేనప్పుడు ఏమవుతుందో చెప్పడానికి 2010 జూన్ 2 చాలు. డెట్రాయిట్‌లో పిచర్ అర్మాండో గలరాగా వరుసగా 26 మందిని అవుట్ చేశాడు. 27వ వాడు కూడా అవుటైతే అది పర్ఫెక్ట్ గేమ్, శతాబ్దానికి పైబడిన లీగు చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ఘనత. జేసన్ డొనాల్డ్ కొట్టిన బంతిని మిగెల్ కబ్రేరా ఆపి విసిరాడు, గలరాగా మొదటి బేస్ మీద కాలు పెట్టి అందుకున్నాడు. బ్యాటర్ చేరేలోపే అంతా అయిపోయింది. అంపైర్ జిమ్ జాయిస్ 'సేఫ్', అంటే నాటౌట్, అన్నాడు. ఆ బేస్ దగ్గర అంపైర్లకు నేర్పే పద్ధతి ఒకటుంది: కళ్లు కాలిమీద, చెవులు గ్లవ్ చప్పుడుమీద. బంతి గ్లవ్ కొసన చిక్కితే చప్పుడు సన్నగా వస్తుంది, జనం హోరులో అది కలిసిపోతుంది, రెండింటిలో ఏది ముందో చెవికి తెలియదు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసి జాయిస్ తన తప్పును బహిరంగంగా ఒప్పుకున్నాడు. గలరాగా అతణ్ణి తప్పుపట్టలేదు. అయినా రికార్డు మారలేదు. అప్పటికి వీడియో పరిశీలన 2008లో మొదలైన హోమ్ రన్ వివాదాల వరకే. కమిషనర్ బడ్ సెలిగ్ నిర్ణయాన్ని తిరగరాయడానికి ఒప్పుకోలేదు. తప్పు చేసినవాడు, నష్టపోయినవాడు, చూసినవాడు అందరూ ఒకే మాట అంటున్నా నిబంధనల పుస్తకంలో తలుపు లేకపోయింది.

2014లో తలుపు తెరిచారు, కాకపోతే తాళం జట్టును నడిపే మేనేజర్ చేతికిచ్చారు. అతను సవాలు చేసేముందు లోపల వీడియో చూసే ఉద్యోగి ఫోన్లో చెబుతాడు. ఆటగాడి కన్ను పక్కకు పోయి వీడియో గది ఆట మొదలైంది. క్రికెట్ ఈ ప్రమాదాన్ని మొదటి నుంచీ కనిపెట్టింది. 15 సెకన్ల గడువు, బయటి సైగలపై నిషేధం అందుకే. 2017 బెంగళూరు టెస్టులో స్టీవ్ స్మిత్ డ్రెస్సింగ్ రూమ్ వైపు చూసినందుకు అంత గొడవ జరిగిందీ అందుకే. బేస్‌బాల్ ఇప్పుడు మనకంటే కఠినంగా వెళ్లింది. మన దగ్గర అడిగే హక్కు బ్యాటర్‌కు ఉంది గానీ, బౌలర్‌కు లేదు. ఫీల్డింగ్ వైపు కెప్టెనే అడగాలి. ఎల్బీడబ్ల్యూ గీతను అందరికంటే బాగా చూసే వికెట్‌కీపర్ కెప్టెన్‌ను బతిమాలుకోవాలి. ఈ నిబంధన మారాలి.

'అంపైర్స్ కాల్' తీసేయమనే డిమాండ్ మాత్రం తొందరపాటు. బేస్‌బాల్‌లో కొలిచేది బంతి నిజంగా వెళ్లిన దారి. ఎల్బీడబ్ల్యూలో ప్యాడ్ తగిలాక బంతి ఎక్కడికి పోయేదో అంచనా వేస్తారు. ప్యాడ్ స్టంప్స్‌కు ఎంత దూరంలో ఉంటే అంచనాలో పొరపాటు అంత పెరుగుతుంది. బంతిలో సగం కంటే తక్కువ స్టంప్‌ను తాకుతున్నట్టు చూపించినప్పుడు మైదానంలో ఇచ్చిన తీర్పే నిలబడటం ఆ పొరపాటుకు ఇచ్చిన సందు. 2017 నుంచి అలాంటి సందర్భాల్లో రివ్యూ కూడా పోవడం లేదు. అది న్యాయమైన దిద్దుబాటు.

యంత్రం కూడా తప్పుతుందిగా అనేవాళ్లకు మన ఊరి మ్యాచే ఆయుధం. 2024 ఫిబ్రవరిలో ఇక్కడ 73 పరుగుల మీదున్న జాక్ క్రాలీని కుల్దీప్ బంతికి అంపైర్ నాటౌట్ అన్నాడు, రివ్యూలో లెగ్ స్టంప్‌ను కొడుతుందని తేలి అవుటయ్యాడు. సాంకేతికత తప్పు చెప్పిందని కెప్టెన్ బెన్ స్టోక్స్ మ్యాచ్ తర్వాత అన్నాడు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయను. అంచనాకు అంచనాగానే విలువివ్వాలి. కానీ ఆ ఒక్క బంతి కోసం పద్ధతినే వదిలేస్తే, కంటికి కనిపించే తప్పులు కూడా మళ్లీ స్కోరుబుక్కులో శాశ్వతమైపోతాయి.

ఇక కెమెరాలు లేని మైదానాల మాట. ఏయూ గ్రౌండ్‌లోనో రైల్వే గ్రౌండ్‌లోనో జరిగే లీగు మ్యాచ్‌కు బంతి దారిని కెమెరాలతో లెక్కగట్టే హాక్-ఐ రాదు. అక్కడా దిద్దుబాటుకు దారుంది. వెంటనే చేస్తే అంపైర్ తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చని క్రికెట్ చట్టాల్లో రెండోది స్పష్టంగా చెబుతోంది. వేలెత్తేముందు స్క్వేర్ లెగ్ అంపైర్‌ను అడగడం చాలా తప్పులను పుట్టకముందే ఆపుతుంది. రనౌట్, స్టంపింగ్‌లకు ఇన్నింగ్స్‌కు ఒక్క ఫోన్ రివ్యూ ఇవ్వొచ్చు, నెగ్గితే పోని షరతుతో.

అయితే ఫోన్ ఎలా పెట్టాలో తెలియాలి. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు. సెకనుకు ఏడు మీటర్లు పరిగెత్తే బ్యాటర్ ఒక ఫ్రేముకూ మరోదానికీ మధ్య 23 సెంటీమీటర్లు దాటేస్తాడు, ఆ సందులోనే రనౌట్ జరిగిపోతుంది. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ఆ ఖాళీ మూడు సెంటీమీటర్లకు తగ్గుతుంది. బౌండరీ అవతల 60 మీటర్ల నుంచి ఫోన్ మామూలు లెన్సుతో తీస్తే బొమ్మలో ఒక్కో చుక్క నాలుగు సెంటీమీటర్లకు పైగా కప్పేస్తుంది, బెయిల్ లేచిందో లేదో ఎవరూ చెప్పలేరు. దగ్గరగా లాగి చూపించే టెలిఫోటో లెన్సున్న ఫోన్ కావాలి. బ్యాటర్ చేరాల్సిన పాపింగ్ క్రీజ్ గీతకు సరిగ్గా ఎదురుగా, స్టాండ్ మీద, మ్యాచ్ అంతా కదలకుండా ఉండాలి. సాయంత్రం వెలుతురు తగ్గితే స్లో మోషన్ బొమ్మ నల్లబడుతుంది, అప్పుడు రివ్యూ ఆపేయాలి. ఫోన్‌తో ఎల్బీడబ్ల్యూ తేల్చే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయొద్దు.

ఇంత ఆలోచన ఆటకు పెట్టగలిగిన మనం పిల్లల పరీక్షలకు ఎందుకు పెట్టడం లేదు? విశాఖలో క్రికెట్ కంటే ఎక్కువ ఇళ్లను శాసించేది మార్కుల జాబితా. జేఈఈ మెయిన్‌లో ప్రాథమిక జవాబుల కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి, అది తిరిగి ఇవ్వరు. అభ్యంతరం నిజమైతే కీ మారుతుంది, ఆ ప్రశ్న రాసిన వాళ్లందరి మార్కులూ సరవుతాయి. ఒక పిల్లవాడు తన డబ్బుతో అందరికీ న్యాయం కొనిపెట్టినట్టు. బేస్‌బాల్‌లో కోట్ల జీతగాడికి నెగ్గిన సవాలు ఉచితం.

పదో తరగతిలో పునఃపరిశీలన కావాలంటే సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు. 2025లో అలా అడిగిన వాళ్ల జవాబు పత్రాల్లో వేల సంఖ్యలో మార్కులు మారాయి. వెయ్యి కట్టలేక ఊరుకున్న ఇళ్లలో ఎన్ని మారాల్సి ఉండెనో ఎవరూ చూడరు. ఆ మార్కులతోనే ట్రిపుల్ ఐటీ సీట్లు తేలతాయి కాబట్టి దిద్దుబాటు ఆలస్యమైతే దిద్దినా ఉపయోగం లేదు. 15 సెకన్ల గడువు ఆటగాడికి పెట్టినట్టే, జవాబు చెప్పే గడువు బోర్డుకు పెట్టాలి. ప్రతి విద్యార్థికీ రెండు సబ్జెక్టుల పునఃపరిశీలన రుసుము లేకుండా ఇవ్వాలి. మార్కులు మారకపోతే తర్వాతి అభ్యర్థనకు వెయ్యి వసూలు చేయండి, అభ్యంతరం లేదు. మారితే ఆ రెండూ అతని దగ్గరే ఉండాలి. జేఈఈలో కూడా అభ్యంతరం నెగ్గిన ప్రశ్నకు కట్టిన 200 రూపాయలు తుది కీ వచ్చిన రోజే, వచ్చిన ఖాతాలోకే తిరిగి జమ కావాలి. ఏ ప్రశ్నలకు కీ మారిందో, వాటిని ఎవరు సవాలు చేశారో ఆ కంప్యూటర్లలో ఎలాగూ ఉంటుంది.